ఇల్లలికినామె పేరు

“మేడమ్, ఈమె పేరేంటి?”

ఆ అమ్మాయి అడిగింది చాలా మామూలు ప్రశ్న. చిత్రకళలో ఎం.ఎఫ్.ఏ. రెండో సంవత్సరం చదువుతోందట. చేతిలో నోటు పుస్తకం, భుజాన గుడ్డ సంచి. ఇద్దరం ఒక విశ్వవిద్యాలయ గ్యాలరీలో నేను తీసిన ఫొటో ముందు నిలబడి ఉన్నాం. ఫొటోలో ఒక కోయ స్త్రీ ఎర్రమట్టి గోడకి తెల్లసుద్దతో అంచు దిద్దుతోంది. ముఖం పక్కకి తిరిగి ఉంది. మోచేతుల దాకా మట్టి. ఫొటో కింద చిన్న తెల్ల కాగితం. దాని మీద నా పేరు, ఫొటో తీసిన ఏడాది 1991, ఆ కింద ‘ఆదివాసి స్త్రీ, ములకలపల్లి, ఖమ్మం జిల్లా’. ఆ మాటలు రాసిచ్చింది కూడా నేనే.

నా దగ్గర జవాబు లేదు. “చాలా ఏళ్ళయిందమ్మా” అని ఏదో గొణిగాను. ఆ అమ్మాయి మర్యాదగా తలూపి, నోటు పుస్తకంలో ‘పేరు లేదు’ అని రాసుకుని పక్క ఫొటో దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు స్త్రీల చరిత్ర పాఠాలు చెప్పాను. చరిత్రలో స్త్రీల పేర్లు ఎలా మాయమవుతాయో ఎన్ని సెమినార్లలో మాట్లాడానో! తీరా చూస్తే ఒక పేరుని మాయం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మనందరికీ చిన్నప్పుడు అమ్మో అమ్మమ్మో చెప్పిన కథే, ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ. పి. సత్యవతిగారు ‘ఇల్లలకగానే’లో ఆ ఈగని మన ముందు నిలబెట్టాక మనలో చాలామందిమి మన పేర్లు వెతుక్కోవడం మొదలుపెట్టాం. కానీ ములకలపల్లిలో ఇల్లలికినామె తన పేరు మరిచిపోలేదు. ఎవరైనా అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు. ఈ తేడా నాకింత ఆలస్యంగా ఎందుకు తట్టిందన్నదే ఈ వ్యాసం.

మా నాన్న స్కూలు టీచరు. 1970లలో కొన్నేళ్ళు ములకలపల్లిలో పనిచేశారు. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఖమ్మం జిల్లా. ఒకపక్క పాల్వంచ, ఇంకోపక్క దమ్మపేట, అశ్వారావుపేట. మధ్యలో అడవి, అడవి మధ్యలో కోయగూడేలు. వేసవి వస్తే తునికాకు కట్టలు, ఇప్పపూల వాసన. మేం అద్దెకున్నది మట్టిగోడల ఇల్లే. ఊళ్ళో ఆదివాసులు కానివాళ్ళం కొద్ది కుటుంబాల వాళ్ళం ఉండేవాళ్ళం. టీచర్లు, గుమాస్తాలు, కొట్లు పెట్టుకున్నవాళ్ళు. మమ్మల్ని చూసి గూడెం వాళ్ళు పక్కకి తప్పుకుని నడిచేవాళ్ళు. అదేమీ వింతగా అనిపించని వయసు నాది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పండగల ముందు ఆమె వచ్చేది. అమ్మకి ఆమె ‘అలుకు పెట్టే ఆమె’. నాకూ అంతే. మేం ఆమెని ‘నువ్వు’ అనేవాళ్ళం. ఆమె మా అమ్మని ‘అమ్మా’ అనీ, నన్ను ‘పాపా’ అనీ పిలిచేది. వాగు ఒడ్డు నుంచి ఎర్రమన్ను తెచ్చి, ముందురోజే నానేసి, పేడ కలిపి, కాళ్ళతో తొక్కేది. గోడ నెర్రెల్లో ముందు ముద్దలు పెట్టి పూడ్చేది. తర్వాత అరచేతిని కాస్త వంచి, పైనుంచి కిందకి కాకుండా అడ్డంగా, అర్ధచంద్రాకారంగా పూసేది. అది ఆరాక ఆ వంపులు ఒకదాని మీద ఒకటి అలల్లా కనబడేవి. “ఎందుకట్టా పూస్తావు?” అని అడిగితే “నిలువుగ పూస్తే వాన నీళ్ళు అదే దారిన దిగుతయి పాపా” అంది. ఆ తర్వాత సుద్ద. వేలికి గుడ్డ చుట్టి ద్వారం చుట్టూ చుక్కలు, గీతలు, కింద అంచు. కొలతబద్ద లేదు, దారం లేదు. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఎడం ఎప్పుడూ ఒకటే.

ఆ గోడ ఒక వానాకాలం బతికేది. మళ్ళీ వచ్చి మళ్ళీ పూసేది. ఏ రెండేళ్ళూ ఒకే నమూనా వేయలేదు. నాన్నకి వేరే ఊరికి బదిలీ అయ్యాక ఆ గోడ సంగతి మరిచిపోయాను. 1991లో పరిశోధన పని మీద ఆ వైపు వెళ్ళినప్పుడు ఆమె తన ఇంటి గోడ అలుకుతూ కనబడింది. ఫొటో తీసుకున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వింది. బస్సు టైమవుతోందని వచ్చేశాను. అంతే జరిగింది.

గ్యాలరీ అనే మాట మనకి కొత్తది. గోడ కొత్తది కాదు. ఒక గోడ మీది గీత ‘కళ’ ఎప్పుడవుతుంది? ఎవరు గీస్తే అవుతుంది? ఈ ప్రశ్న మన విశ్వవిద్యాలయాల్లో ఒకసారి నిజంగానే ఎదురైంది, వందేళ్ళ కిందట. 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైంది. నందలాల్ బోస్ నాయకత్వంలో ఆ సంస్థ బెంగాల్ ఆడవాళ్ళు ఇంటి ముంగిట వేసే ఆల్పనని పాఠంగా తీసుకుంది. నేర్పడానికి సుకుమారీ దేవి వచ్చింది. తూర్పు బెంగాల్ ఇళ్ళల్లో నేర్చిన చెయ్యి ఆమెది. తర్వాత నందలాల్ కూతురు గౌరీ భంజ ఆ పనిని కొనసాగించింది. బియ్యప్పిండి ముగ్గు వేసే చెయ్యి ఒక కళాశాలలో గురువు చెయ్యి అయింది. ఇది చిన్న విషయం కాదు. అయినా భారతీయ ఆధునిక చిత్రకళ చరిత్ర అంటే నందలాల్ పేరు ఎంతమందికి వస్తుంది? సుకుమారీ దేవి పేరు ఎంతమందికి వస్తుంది?

మన గోదావరి కిందికి వెళ్ళినా ఇదే కథ. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరుతో గ్యాలరీ ఉంది. 1925లో ఆయన చనిపోయేనాటికి ముప్ఫై ఏళ్ళయినా నిండలేదు. ఆంధ్ర చిత్రకళకి ఆయనొక మలుపు, సందేహం లేదు. ఆయన భార్య సత్యవాణి చిత్రకారిణి. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణి. ఒకే ఇంట్లో ముగ్గురు బొమ్మలు వేశారు. గ్యాలరీకి ఒక్కరి పేరే ఉంది. నేను ఆయన గొప్పతనాన్ని తగ్గించడం లేదు. ఒక ఇంటి గోడల మధ్య జరిగిన పని బయటి గోడ మీదికి వచ్చేసరికి ఎవరి పేరుతో వస్తుందో చూడమంటున్నాను.

హైదరాబాద్‌లో మాకు ఇంకో గోడ దొరికింది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితా సంపుటి పేరే ఆ ఇంటికీ ఉంది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆ ఇంట్లోనే మొదలైంది. 1988లో ఆమె పేరుతోనే లలితకళలు, రంగస్థలం, నృత్యం, కమ్యూనికేషన్ విభాగాలున్న పాఠశాల ఏర్పడింది. లక్ష్మాగౌడ్ లాంటి వాళ్ళు అక్కడ పాఠాలు చెప్పారు. మెదక్ జిల్లా నిజాంపురం నుంచి వచ్చిన ఆయన ఊరి మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ గీతలోకి తెచ్చినవాడు. ఆ గీతల్లో పల్లె ఆడది దేవత కాదు, దేహమున్న మనిషి. ఆ దేహాన్ని చూసే చూపు ఎవరిదని మేం అప్పట్లో వాదించుకునేవాళ్ళం కూడా.

విద్యార్థుల ప్రదర్శనలకి వెళ్ళడం అలవాటైంది. వ్యాపార గ్యాలరీలో బొమ్మ కింద ధర ఉంటుంది. కొనలేని మనిషి అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. విశ్వవిద్యాలయ గ్యాలరీలో బొమ్మ వేసినవాళ్ళు పక్కనే నిలబడి ఉంటారు, బెదురుతూ, చేతులు నలుపుకుంటూ. “ఇదెందుకు వేశావు?” అని అడగొచ్చు. జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ఆ అమ్మాయి నన్ను అడగగలిగింది అలాంటి చోటు కాబట్టే.

మా తరానికి ప్రశ్నలు నేర్పినవాళ్ళున్నారు. గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరు అని లిండా నాక్లిన్ 1971లో అడిగింది. లోపం ఆడవాళ్ళ చేతుల్లో లేదు, వాళ్ళని లోపలికి రానివ్వని సంస్థల్లో ఉందని ఆమె చెప్పినప్పుడు మాకెంత ధైర్యం వచ్చిందో! 1989లో న్యూయార్క్‌లో గెరిల్లా గర్ల్స్ పోస్టరు వేశారు. అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళా విభాగంలో చిత్రకారుల్లో స్త్రీలు 5 శాతం కంటే తక్కువ, నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవే అని లెక్క తీశారు. అంతకుముందే 1987లో మన దగ్గర నళినీ మలానీ, మాధవీ పారేఖ్, నీలిమా షేక్, అర్పితా సింగ్ నలుగురూ కలిసి తమ ప్రదర్శనని వ్యాపార గ్యాలరీల బయట, ఊరూరా తిప్పడం మొదలుపెట్టారు. పక్కపక్కనే బొమ్మలు పెట్టుకోవడం కూడా ఒక రాజకీయమని వాళ్ళ వల్ల తెలిసింది.

ఇవన్నీ చదివాను, రాశాను, పాఠం చెప్పాను. కానీ ‘ఎంతమంది స్త్రీలు’ అని లెక్కపెట్టినప్పుడు ఏ స్త్రీలు అని అడగలేదు. గ్యాలరీ గోడ మీదికి ఆడవాళ్ళు రావాలన్నాను. ఆ గోడకి మట్టి పూసినవాళ్ళు గుర్తు రాలేదు. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, ఆదివాసి స్త్రీలు మన ఉద్యమాన్ని నిలదీసినప్పుడు అవునన్నాను, సభల్లో చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి నా ఆల్బమ్ తెరిచి చూసుకోలేదు.

మాసాబ్ ట్యాంక్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. దానికంటే ముందు ఆ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ జె.ఎన్.టి.యు.లో భాగం. అదే మాసాబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియమూ ఉంది. ఒకచోట బొమ్మ కింద వేసినవాళ్ళ పేరు ఉంటుంది. గిరిజన మ్యూజియం అన్న మాటతోనే మన మనసులో పేరు మారిపోతుంది. మనిషి పేరు పోయి తెగ పేరు వస్తుంది. ‘కోయ’, ‘గోండు’, ‘కొండరెడ్డి’. రెండింటికీ మధ్య నడిచి వెళ్ళేంత దూరమే. ఆ దూరాన్ని దాటడానికి ఒక ఆదివాసి స్త్రీకి ఎన్నేళ్ళు పట్టాలి?

దాటినామె ఒకరున్నారు, మన దగ్గర కాదు, భోపాల్‌లో. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు భిల్లు స్త్రీ భూరీబాయి. భారత్ భవన్ కడుతుంటే అక్కడ కూలిపని చేసింది. చిత్రకారుడు జె. స్వామినాథన్ అక్కడి కూలీలని మీ ఇంటి గోడల మీద ఏం వేస్తారని అడిగాడు. ఆమె వేసి చూపించింది. భిల్లుల్లో పిథోరా గుర్రాన్ని వేసే హక్కు మగవాళ్ళదే. అందుకని ఆమె తనకి తెలిసిన చెట్లనీ పక్షులనీ జంతువులనీ ఇళ్ళనీ వేసుకుంటూ పోయింది. 1982లో మొదలైన భారత్ భవన్ ఆదివాసి చిత్రాలనీ పట్నపు చిత్రకారుల చిత్రాలనీ ఒకే కప్పు కింద, రెండూ సమకాలీన కళే అని పెట్టింది. భూరీబాయికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే భోపాల్ గిరిజన మ్యూజియంలో ఒక పొడవాటి గోడ మీద ఆమె తన జీవితాన్నే వేసుకుంది, ఇటుకలు మోసిన రోజులతో సహా. ఆమె జీవితం మారడానికి కారణమైన మాటలో మహత్తు ఏమీ లేదు. ఒకాయన ఆగి అడిగాడు. ఆమె చెప్పింది. నేను ములకలపల్లిలో ఆగలేదు, బస్సు కోసం పరిగెత్తాను.

ఇక్కడ నా అహంకారం ఒకటి ఒప్పుకోవాలి. గ్యాలరీ మనం వాళ్ళకి ఇచ్చేదనీ, వాళ్ళకి అలాంటిదేమీ లేదనీ ఎక్కడో అనుకునేదాన్ని. కోయలకి పడిగె ఉంది. పొడవాటి త్రికోణపు గుడ్డ. దాని మీద వంశం, గట్టు, ఇలవేల్పు, పూర్వీకులు, యుద్ధాలు, అన్నీ బొమ్మలుగా ఉంటాయి. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఎవరి చరిత్ర వాళ్ళది. వేల్పు కొలుపు రోజున దాన్ని బయటికి తీస్తారు. డోలి కోయలు డోలు వాయిస్తూ ఆ బొమ్మల వెంట కథ పాడతారు. బొమ్మని చూడాలి, పాటని వినాలి, ఆ రోజు అక్కడ ఉండాలి. మిగతా కాలమంతా అది చుట్టి ఉంటుంది. ఇది గ్యాలరీ కాక మరేమిటి? కాకపోతే ఇందులో బొమ్మ కింద లేబుల్ ఉండదు, మనిషి గొంతు ఉంటుంది. ఆ గొంతు పేర్లు చెబుతుంది, ఒక్కటి కూడా వదలకుండా.

ఆ గొంతుల్లో ఒకటి మనకి బాగా తెలిసింది. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య. కోయ భాషలోనూ తెలుగులోనూ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. ఆయన వెళ్ళిపోయాక ఎన్ని పేర్లు చెప్పేవాళ్ళు లేకుండా పోయాయో! ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి సేకరించిన ‘ఆద్యకళ’ ప్రదర్శన హైదరాబాద్‌కి వచ్చినప్పుడు పడిగెలనీ వాద్యాలనీ దగ్గరగా చూసే అవకాశం పట్నం వాళ్ళకి దక్కింది. ఆ శ్రమకి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే ఎవరు ఎంత ప్రేమగా పెట్టినా గోడకి తగిలించిన పడిగె దగ్గర డోలు మోగదు. ఆ లోటు గ్యాలరీ అన్నదానికే ఉంది.

ఇంకోమాట కూడా అనాలి, మనం స్త్రీవాదులం కాబట్టి. పడిగె మీద ఆడవాళ్ళున్నారు. కాకతీయుల సైన్యాన్ని ఎదిరించిన తల్లీకూతుళ్ళున్నారు. కానీ పడిగె పట్టేది, డోలు కొట్టేది, కథ పాడేది మగవాళ్ళే. ఆడవాళ్ళ గీత గోడల మీదా నేల మీదా ఉంది. మగవాళ్ళ గీత గుడ్డ మీద చుట్టి దాచిపెట్టారు. ఆడవాళ్ళ గీత వానకి కరిగిపోయింది. భిల్లుల్లో గుర్రం, కోయల్లో పడిగె. ఆదివాసి సమాజంలో ఆడామగా తేడా లేదని తేలిగ్గా రాసేసే మన వ్యాసాలు ఇక్కడ కాస్త ఆగాలి. అలాగని దీన్ని పట్టుకుని వాళ్ళ మీద తీర్పు చెప్పే అర్హత మనకి ఉందనీ నేననడం లేదు. ఆ ప్రశ్న అడగాల్సింది కోయ అమ్మాయిలు. అడుగుతారు కూడా.

ఈమధ్య ఒక గ్యాలరీలో పట్నపు యువ చిత్రకారిణి ఒకామె ఎర్రమన్ను, పేడ తెచ్చి గదంతా అలికింది. ప్రదర్శన అయిపోయాక కడిగేస్తారట. క్షణికత గురించీ నేల గురించీ స్త్రీ శ్రమ గురించీ చక్కగా మాట్లాడింది. నాకు ఆ పని నచ్చింది, నిజంగానే నచ్చింది. కానీ నా కళ్ళు ఆ గోడ మీద అర్ధచంద్రాకారపు వంపుల కోసం వెతికాయి. లేవు. నిలువుగా పూసింది. గదిలో వాన పడదు కదా!

విశ్వవిద్యాలయ గ్యాలరీని నేను ఊరికే పొగడను. అదేమీ కోట కాదు. 2007 మేలో బరోడాలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మన ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఎం.ఎస్. విశ్వవిద్యాలయానికి వెళ్ళి చదువుకుంటున్న చంద్రమోహన్ పరీక్ష కోసం పెట్టిన బొమ్మల మీద బయటివాళ్ళు వచ్చి గొడవ చేశారు. అవి అమ్మకానికి పెట్టినవి కావు, మార్కుల కోసం పెట్టినవి. ఆ కుర్రాణ్ణి అరెస్టు చేశారు. నిరసనగా తోటి విద్యార్థులు మన గుళ్ళల్లో శతాబ్దాలుగా ఉన్న శృంగార శిల్పాల ఫొటోలతో ఒక ప్రదర్శన పెట్టారు. దాన్ని మూయించడానికి ఒప్పుకోని డీన్ శివాజీ పణిక్కర్‌ని సస్పెండ్ చేశారు. గోడ మీద ఏముండాలో తేల్చేది ఎవరన్న ప్రశ్న ఆ రోజు దేశమంతా వినబడింది. నా ప్రశ్న దానికంటే చిన్నది. గోడ మీద ఉన్న మనిషి పేరు ఎవరు రాయాలి? కానీ రెండూ ఒకే గోడకి సంబంధించినవే అనిపిస్తుంది నాకు.

ఆ అమ్మాయి అడిగిన తర్వాతి నెల ములకలపల్లి వెళ్ళాను. కొత్తగూడెం దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. దారిలో పామాయిల్ తోటలు, జామాయిల్ తోటలు. మేమున్న ఇల్లు లేదు, దాని చోట రెండంతస్తుల భవనం ఉంది. గూడెంలో చాలావరకు స్లాబు ఇళ్ళు, సిమెంటు గోడలకి నీలం, గులాబీ రంగులు. ఫొటో కాపీ పట్టుకుని నలుగురినీ అడిగాను. నాలుగో ఇంట్లో గుర్తుపట్టారు. ఆమె చనిపోయి పదేళ్ళు దాటిందట. కూతురు ఉంది. ఆమెకీ యాభై దాటి ఉంటాయి.

ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదట. అది విన్నప్పుడు నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫొటో నా దగ్గర ఉంది. స్లైడుగా చూపించాను, పుస్తకంలో అచ్చేశాను, గ్యాలరీలో తగిలించాను. ఒక్క కాపీ ఈ ఇంటికి చేరలేదు.

“మా అమ్మ పేరు దీని కింద రాసిర్రా?” అని అడిగింది.

“లేదు” అన్నాను.

ఆమె కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టిన కాగితం తెచ్చింది. పోడు భూమి పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళైనవాళ్ళకి ఇచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. భర్త పేరు పక్కన తన పేరు ఉన్న చోట వేలు పెట్టి చూపించింది.

“దీని కోసం ఎన్నిసార్లు తిరిగినమో. పేరు తప్పు పడితే మళ్ళ రాయించినం. ఒక అక్షరం తప్పు పడినా భూమి మనది కాదన్నరు. బొమ్మకు గూడ అంతే కాదా అమ్మా?”

నేను క్షమించమన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. వాళ్ళమ్మ పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా, ఎన్నో గట్టో కూడా చెప్పింది. రాసుకున్నాను. రాసింది చదివి వినిపించమంది. రెండుసార్లు దిద్దింది. “పెద్ద పట్నంల మా అమ్మ పేరు పెట్టేటప్పుడు నన్ను పిలువుండ్రి. నేనొచ్చి చూస్త, సరిగ రాసిర్రో లేదో” అంది. వస్తుంటే తన ఇంటి వెనక ఉన్న పాత మట్టి గది చూపించింది. వంటకి వాడుకుంటారు. దాని గోడ ఎర్రగా ఉంది. అర్ధచంద్రాకారపు వంపులు ఉన్నాయి. సిమెంటు గోడలకి అలుకు అవసరం లేదనీ, ఈ ఒక్క గోడ మాత్రం అమ్మ నేర్పినట్టే ఏటా పూస్తాననీ చెప్పింది. ఫొటో తీయనా అని అడిగాను. ఆలోచించి, “ఇప్పుడొద్దు, పండగకి పూసినంక రా” అంది.

ఆమె పేరు ఇక్కడ రాయకపోవడం చూసి మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. ఇంత రాసి మళ్ళీ అదే తప్పు చేస్తోందా అనుకోవచ్చు. ఆ కూతురు ఒప్పుకున్నది గ్యాలరీలో ఫొటో కింద రాయడానికి, తను చూసి సరిచూసుకున్నాక. పత్రికలో నా వ్యాసానికి ముగింపుగా వాడుకోమని కాదు. పేరు చెరిపేయడం ఎంత తప్పో, అడగకుండా పేరుని నా రచనకి అలంకారంగా పెట్టుకోవడమూ అంతే తప్పు. ఫొటో ఉన్న చోట లేబుల్ మారుస్తున్నాను. ముందు ఆమె పేరు ఉంటుంది, గోడ ఆమె పనిగా. నా పేరు కిందకి వస్తుంది, ఫొటో తీసినదానిగా.

‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలని పేరుపేరునా కలిసి, వాళ్ళ మాటల్లోనే చరిత్ర రాయొచ్చని తెలిసింది. అదే పని గోడల విషయంలోనూ చేయాల్సి ఉంది. అలికిన చేతులు, బుట్టలు అల్లిన చేతులు, పూసలు గుచ్చిన చేతులు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి. ఆలస్యం చేస్తే నాలాగే ఫొటో పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి.

రాష్ట్ర విభజన చట్టంలో 2014లో ఇచ్చిన మాట ప్రకారం ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం వచ్చింది. దాని తొలి అడుగులకి తోడుగా ఉండే బాధ్యత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. సరోజిని ఇంట్లో మొదలైన విశ్వవిద్యాలయం సమ్మక్క సారక్కల పేరున్న విశ్వవిద్యాలయానికి చెయ్యి అందించడం నాకు ఇష్టమైన సంగతి. రేపు అక్కడ కూడా ఒక గ్యాలరీ వస్తుంది, రావాలి. దానికి గోడలు కడతారు. ఆ గోడల మీద ఏం తగిలించాలని అడిగే కమిటీల్లో మనలో కొందరం ఉంటాం. అప్పుడు మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక గోడనైనా సిమెంటు పూయకుండా వదిలేస్తారా? ఏటా పండగ ముందు దాన్ని అలకడానికి చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే ఆడవాళ్ళకి చిత్రకారిణికి ఇచ్చే గౌరవ పారితోషికమే ఇస్తారా, లేక కూలి రేటు కడతారా? పడిగె తెరిచిన రోజున డోలు మోగనిస్తారా? ఆ డోలు పట్టుకుంటానని ఒక కోయ అమ్మాయి అడిగితే ఏమంటారు?

వచ్చే పండగకి మళ్ళీ ములకలపల్లి వెళ్తున్నాను. ఈసారి తిరుగు బస్సు టైము చూసుకోలేదు.